డాబా మీద నీళ్లు నిలుస్తున్నాయా? గుంట పూడ్చే ముందు దారి చూడండి

వాన వెలిసి రెండు రోజులైనా మేడ మీద ఒక మూల నీళ్లు అద్దంలా మెరుస్తుంటే, మనలో చాలామంది చేసే మొదటి పని మేస్త్రీని పిలిచి ఆ గుంటలో రెండు తాపీల సిమెంటు వేయించడం. నేనూ అదే చేశాను. తర్వాతి వానకి ఆ గుంట పోయింది కానీ రెండడుగుల అవతల ఇంకోటి తేలింది. దాన్నీ పూడ్పించాను. మూడోది వచ్చి మెట్లగది గుమ్మం ముందే కూర్చుంది. అప్పటికి గానీ తత్వం బోధపడలేదు. మడిలో నీళ్లు ఎక్కువైతే రైతు మట్టి తెచ్చి మడిని పూడ్చడు, గట్టుకి గండి కొడతాడు. డాబా మీద కూడా ముందు వెతకాల్సింది గండి ఎక్కడ పూడిందో, ఏ గట్టు అడ్డం లేచిందో.

ఇక్కడ చెప్పేదంతా ప్రధానంగా కాంక్రీటు స్లాబు మీద గచ్చు చేసిన డాబాలకి. చెక్క దూలాల మీద పరిచిన చదును కప్పుల సంగతి ఒక ముక్క చివర్లో ఉంది.

ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు

వాన ఆగాక ఎండా గాలీ మామూలుగా ఉండి కూడా 48 గంటలకు నీళ్లు ఇంకా కనిపిస్తుంటే దాన్ని నిలవ నీరుగా లెక్కవేయడం కప్పుల పని చేసేవాళ్లలో వాడుక. అంతకు ముందే ఆరిపోయే తడిని పట్టించుకోనక్కర్లేదు. అరచేతి వెడల్పున, గోరు మందాన ఉండే చిన్న చిన్న తడులు ఏ డాబా మీదైనా ఉంటాయి. వాటి వెంట పడితే పని తెగదు.

పట్టించుకోవాల్సినవాటికి కారణాలు మూడు. మొదటిది బరువు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు లోతు నీళ్లంటే సరిగ్గా ఒక లీటరు, అంటే ఒక కిలో. చిన్న గదంత మేర, 10 చదరపు మీటర్లలో, రెండున్నర సెంటీమీటర్ల లోతున నిలిస్తే 250 కిలోలు. రెండోది చెమ్మ. ఒక్కసారి తడిసి ఆరిపోయే గచ్చుకీ, రోజుల తరబడి నీళ్ల కింద నానే గచ్చుకీ పోలికే లేదు. సన్నటి నెర్రె ఒకటి ఉన్నా చాలు, నీళ్లు దిగి లోపలి ఇనుముని పట్టుకుంటాయి, తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి కింద సీలింగు పెచ్చులూడుతుంది. మూడోది దోమలు. వెచ్చటి వాతావరణంలో డెంగీ మోసే దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులు చాలు. దాని గుడ్లు నీళ్లు ఆరిపోయినా నెలల తరబడి అంచుకి అంటుకుని బతికే ఉంటాయి. మళ్లీ తడి తగలగానే మొదలుపెడతాయి.

వానలో ఒకసారి, వెలిశాక రెండుసార్లు చూడండి

పనిముట్లేమీ అక్కర్లేదు. గొడుగు, సుద్దముక్క, కాగితం. వాన గట్టిగా కురుస్తున్నప్పుడు మెట్లగది గుమ్మంలో నిలబడి నీళ్లు ఎటు నడుస్తున్నాయో చూడండి. ఎండిపోయిన పువ్వు రెక్కలో, చిన్న కాగితం ముక్కలో వేస్తే దారి ఇంకా తేటగా కనిపిస్తుంది. అవి తూము వైపు సాగుతున్నాయా, మధ్యలో ఎక్కడైనా తిరుగుడు పడుతున్నాయా, గోడ వారకి పోయి ఆగుతున్నాయా? ఉరుములు మెరుపులు ఉంటే మాత్రం పైకి వెళ్లకండి. పిట్టగోడ లేని డాబా అయితే అంచుకి అసలు పోవద్దు. పాచి తడిస్తే సబ్బు రాసినట్టే ఉంటుంది.

వాన వెలిసిన గంటకి మళ్లీ వెళ్లి, నిలిచిన ప్రతి మడుగు చుట్టూ నీటి అంచు వెంబడే సుద్దతో గీత గీయండి. లోతైన చోట స్కేలు ముంచి లోతు చూసి పక్కనే రాయండి. మర్నాడు ఇంకోసారి వెళ్లండి. ఆరిపోయినవి వదిలేసి, మిగిలినవాటిని కొత్త అంచు వెంట మళ్లీ గీయండి. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఏ యంత్రమూ ఇవ్వనంత నిక్కచ్చి పటం. దాన్ని కాగితం మీదకి దించుకోండి, లేదా ఫోటో తీసి పెట్టుకోండి. మేస్త్రీ ఎండలో వస్తాడు, పొడి డాబా మీద నిలబడి 'అంతా బాగానే ఉందండీ' అంటాడు. అప్పుడు చూపించడానికి పనికొస్తుంది.

వాన రోజులు కాకపోతే ట్యాంకు నుంచి గొట్టం పెట్టి తూముకి దూరంగా ఉన్న మూల నుంచి నీళ్లు వదలండి. ఇందుకోసం డాబా అంతా నింపనక్కర్లేదు. పారే నీళ్లే ఎత్తుపల్లాలు చెబుతాయి.

తూముతో మొదలుపెట్టండి

సగం ఇళ్లలో కథ ఇక్కడే అయిపోతుందని నా అనుభవం. వాటం, అంటే నీళ్లు పారే వాలు, అంతా బాగానే ఉంటుంది, తూము నోరే పక్కన ఉన్న గచ్చు కన్నా ఎత్తులో ఉంటుంది. కట్టేటప్పుడు పిట్టగోడలో పైపు ముందే బిగించేస్తారు. గచ్చు తర్వాత వేస్తారు. తూము దగ్గరకి వచ్చేసరికి పైపు కింది అంచు ఒక సెంటీమీటరో రెండో పైకి నిలిచిపోతుంది. ఇక ఎంత వాటం ఉన్నా ఆ ఒక్క సెంటీమీటరు నీళ్లు ఎక్కడికీ పోవు.

తూము ముందు బెత్తెడు దూరంలో గ్లాసెడు నీళ్లు పోయండి. అవి లోపలికి పోకుండా అక్కడే ఆగితే నోరు ఎత్తులో ఉన్నట్టు. తర్వాత 20 లీటర్ల బకెట్టు ఒకేసారి కుమ్మరించండి. దీనికో లెక్క ఉంది. గంటకి 100 మిల్లీమీటర్ల జోరున కురిసే వాన 50 చదరపు మీటర్ల డాబా మీద నిమిషానికి 83 లీటర్లు పోస్తుంది. అంటే తూము ఒక్కటే అయితే పావు నిమిషంలో ఒక బకెట్టు మింగాలి. అంతకన్నా ఎక్కువసేపు పడితే పైపు సన్నదైనా అయుండాలి, లోపల ఏదైనా ఇరుక్కునైనా ఉండాలి.

పూడిక తీసేటప్పుడు చెత్తని లోపలికి తోయకండి. చేతికి గ్లవుజు వేసుకుని పైకి లాగండి. కర్రతో పొడిస్తే అది కింది వంపు దగ్గరకి చేరి గట్టిగా బిగుసుకుంటుంది, అప్పుడు గోడ వెంట పైపు విప్పాల్సి వస్తుంది. పూడిక ఎక్కువగా పట్టేది వంపుల దగ్గరే కాబట్టి, కొత్తగా వేయించేటప్పుడు వంపులు తక్కువగా, కుదిరితే విప్పి శుభ్రం చేసే మూత ఉండేలా వేయించుకోండి. మామూలు ఇంటి డాబాకి 100 మిల్లీమీటర్ల పైపు కన్నా సన్నది పెట్టించడం పిసినారితనమే.

మూత విషయంలో ఒక మాట. నేలకి సమంగా ఉండే బల్లపరుపు జాలీ మీద ఒక్క వెడల్పాటి ఆకు పడితే చాలు, తూము మూసుకున్నట్టే. ఒక ప్లాస్టిక్ కవరు పడితే ఇక చెప్పక్కర్లేదు. గిన్నె బోర్లించినట్టు పైకి ఉబ్బి ఉండే జాలీ పెట్టండి. అడుగున ఆకులు చేరినా పై కన్నాల గుండా నీళ్లు దిగుతాయి. గోడలో అడ్డంగా ఉన్న తూముకైతే ముందుకు పొడుచుకొచ్చిన బుట్టలాంటి జాలీ.

నోరు ఎత్తులో ఉంటే చేయాల్సింది ఇదీ: తూము ముందు అడుగు వెడల్పు, అడుగు పొడవు మేర పై గచ్చుని మాత్రం కోసి తీసేయండి. అక్కడ రెండు మూడు సెంటీమీటర్లు పల్లంగా, నాలుగు వైపుల నుంచీ తూములోకి జారేలా చిన్న తొట్టి చేయించండి. పైపుని కూడా దించి బిగించాలి, దాని కింది అంచు ఆ తొట్టి అడుగు కన్నా ఒక గోరు కిందే ఉండాలి. ఉలి దెబ్బ స్లాబు కాంక్రీటులోకి పోకూడదు. పై గచ్చు కింద అసలు స్లాబులో ఇనుము మీద ఉండే కాంక్రీటు పొర రెండు సెంటీమీటర్ల లోపే ఉంటుంది చాలాచోట్ల. గచ్చు మందం చాలకపోతే తొట్టి మానేసి, స్లాబుని కోయకుండా పైపుని మాత్రం గచ్చు మట్టం కన్నా కిందికి దించి బిగించాలి. పని పూర్తయ్యాక పైపుకీ గచ్చుకీ మధ్య సందుని సాగే గుణం ఉన్న సీలెంటుతో నింపించండి. ప్లాస్టిక్ పైపూ సిమెంటూ ఎండకి ఒకేలా సాగవు. ఉత్తి సిమెంటుతో మూస్తే ఆ సందు ఏడాదిలోపే తెరుచుకుంటుంది.

ఇంకోటి: ఒకే తూము ఉన్న డాబా అంటే ఒకే తలుపున్న సినిమా హాలు లాంటిది. రెండోది ఉండాలి. అది కుదరకపోతే కనీసం పిట్టగోడలో, అసలు తూము కన్నా ఓ 5 సెంటీమీటర్ల ఎత్తున, మెట్లగది గడప కన్నా కింద ఒక పొర్లు కన్నం పెట్టించండి. అసలు తూము మూసుకుపోయిన రాత్రి అది ఇంట్లోకి నీళ్లు రాకుండా కాపాడుతుంది. దాని గుండా నీళ్లు బయటికి పడుతూ కనిపిస్తే తూము పూడిందని మీకు కబురు అందినట్టే.

వాటం కొలవడం

తూము బాగానే ఉండి కూడా నీళ్లు నిలుస్తుంటే కొలతలు తీయక తప్పదు. రసమట్టం (గాలి బుడగతో మట్టం చూపే బద్ద) చిన్నది పెట్టి చూసి చెప్పేవాళ్లని నమ్మకండి. రెండడుగుల బద్ద కింద ఒక ఇసుక రేణువు ఉన్నా లెక్క తారుమారవుతుంది. పారదర్శకంగా ఉండే లెవెల్ ట్యూబు పది పన్నెండు మీటర్లది ఒకటి తెచ్చుకోండి. నీళ్లు నింపేటప్పుడు గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు. రెండు కొసలూ పక్కపక్కన పెట్టి నీటి మట్టం ఒకటిగా వచ్చిందో లేదో ముందు సరిచూసుకోండి.

తూము పక్కన పిట్టగోడ మీద, గచ్చు నుంచి సరిగ్గా 60 సెంటీమీటర్ల ఎత్తున పెన్సిల్ గీత పెట్టండి. ట్యూబు ఒక కొస అక్కడ ఒకరు పట్టుకుంటే, రెండో కొసతో మీరు మిగతా మూలలకీ, గోడల నడుమకీ వెళ్లి అదే మట్టాన్ని గీయండి. ఇప్పుడు డాబా చుట్టూ ఒకే మట్టంలో గీతలున్నాయి. ప్రతి గీత నుంచి కింద గచ్చు దాకా టేపు పెట్టి కొలవండి. డాబా నడుమ భాగానికి ఎదురెదురు గీతల మధ్య దారం బిగలాగి కట్టి, దారం నుంచి కిందికి కొలవండి. దారం జారిపడితే కొలత అబద్ధం చెబుతుంది, గట్టిగా లాగాలి.

చదవడం తేలిక. తూము దగ్గర 60 ఉంది. తూముకి 6 మీటర్ల దూరంలో 54 వస్తే గచ్చు అక్కడ 6 సెంటీమీటర్లు ఎత్తులో ఉందన్నమాట, అంటే 100కి 1 వాటం. 58 వస్తే రెండే సెంటీమీటర్లు, చాలదు. 61 వస్తే వాటం తిరగబడింది, నీళ్లు తూము నుంచి అటు పోతున్నాయి. ఈ అంకెల్ని ఇందాక గీసుకున్న మడుగుల పటం మీద వేసి చూడండి. ఏ మడుగు నిజంగా గుంటో, ఏది గట్టు అడ్డుపడి నిలిచిందో అప్పుడు తేలిపోతుంది.

ఎంత వాటం కావాలి? 100కి 1 అనేది కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ చేత్తో చేసిన గచ్చులో అక్కడక్కడా ఐదారు మిల్లీమీటర్ల తేడా వస్తుంది, ఆ తేడాలే సన్న వాటాన్ని తినేస్తాయి. అందుకే పనిలో దిగేటప్పుడు 80కి 1, కుదిరితే 60కి 1 అనుకుని గుర్తులు పెట్టించుకుంటే చివరికి 100కి 1 అన్నా దక్కుతుంది. దూరం కొలిచేటప్పుడు గోడ వెంట కొలవకండి. తూము నుంచి అన్నిటికన్నా దూరపు మూలకి ఐమూలగా కొలవండి.

సిమెంటు కన్నా తూము చవక

ఇది మేస్త్రీలు ఎక్కువగా చెప్పని లెక్క. 8 మీటర్లు, 6 మీటర్ల డాబా ఉంది, తూము ఒక మూల. ఎదురు మూలకి ఐమూలగా 10 మీటర్లు. 100కి 1 చొప్పున చూసినా ఎదురు మూలలో 10 సెంటీమీటర్లు లేపాలి. తూము దగ్గర కనీసపు మందం 2 సెంటీమీటర్లు కలిపితే 12. సగటున 7 సెంటీమీటర్ల గచ్చు. ఒక సెంటీమీటరు మందం సిమెంటు గచ్చు చదరపు మీటరుకి దాదాపు 20 కిలోలు తూగుతుంది. అంటే చదరపు మీటరుకి 140 కిలోలు, డాబా మొత్తానికి 6 టన్నుల 700 కిలోలు.

మనుషులు తిరిగే డాబాని చదరపు మీటరుకి 150 కిలోల ప్రాంతంలో అదనపు బరువు మోసేలా లెక్కగట్టడం మామూలు. దాన్నంతా ఈ గచ్చుకే ధారపోస్తే రేపు మనుషులు, ట్యాంకు, వాన నీళ్లు ఎక్కడికి పోవాలి?

ఇప్పుడు అదే డాబాకి రెండు తూములు పెట్టండి, పొడవాటి వైపుకి రెండు చివరలా, 6 మీటర్ల గోడల నడుమ. మధ్యలో గట్టులా ఎత్తు, అటు సగం ఇటు సగం పారుతుంది. తూము నుంచి అన్నిటికన్నా దూరపు చోటు 5 మీటర్లే. ఎత్తైన చోట మందం 12 నుంచి 7 సెంటీమీటర్లకి దిగింది. మొత్తం బరువులో రెండు టన్నుల పైనే తగ్గింది. గోడకి ఒక కన్నం, కిందికి ఒక పైపు అదనంగా పెట్టినందుకు వచ్చిన లాభం ఇదంతా. కాబట్టి మేస్త్రీ 'ఎత్తు లేపుదామండీ' అనగానే 'ఇంకో తూము ఎక్కడ పెట్టొచ్చు' అని అడగండి.

సగటు మందం 5 సెంటీమీటర్లు దాటుతుంటే, లేదా ఇప్పటికే పాత గచ్చు మీద గచ్చు పొరలు పొరలుగా ఉంటే, స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించకుండా మొదలుపెట్టకండి. చాలాసార్లు పాత పొర తీసేసి కొత్తది వేయడమే సరైన దారి అవుతుంది.

చిన్న గుంటలైతే

కొలతల్లో వాటం బాగానే ఉండి, ఒకటి రెండు చోట్ల మాత్రమే పల్లం ఉంటే మొత్తం తవ్వుకోనక్కర్లేదు. కానీ పూడ్చే ముందు గుంటకీ తూముకీ మధ్య ఉన్న గట్టుని చూడండి. అది కొద్దిపాటి ఉబ్బు అయితే గ్రైండరుతో అరగదీస్తే చాలు, గుంట పూడ్చే పనే ఉండకపోవచ్చు.

పూడ్చక తప్పకపోతే అసలు మెలకువ అంచులో ఉంది. మామూలుగా సిమెంటుని మధ్యలో మందంగా వేసి, అంచుల్లో కాగితంలా పలచగా లాగేస్తారు. చూడ్డానికి నున్నగా ఉంటుంది, రెండు ఎండాకాలాలకి ఆ పలచటి అంచు పొట్టులా లేస్తుంది. దాని కిందకి నీళ్లు దూరతాయి. అలా కాకుండా మీరు సుద్దతో గీసిన అంచు వెంబడి కట్టరుతో 6 నుంచి 10 మిల్లీమీటర్ల లోతున నిటారుగా గీత కోయించండి. లోపలి గచ్చు ముఖాన్ని ఉలితో గరుకు చేసి, దుమ్ము ఊడ్చి, కడిగి, తడి ఉండాలి గానీ నీళ్లు నిలిచి ఉండకూడదు అన్న స్థితిలో లేటెక్స్ (సిమెంటుకి పట్టు పెంచే పాలలాంటి ద్రవం) కలిపిన సిమెంటు పాలు బ్రష్షుతో రుద్దించండి. అది ఆరకముందే పూడ్చాలి. సెంటీమీటరు లోపు లోతుకి పాలిమర్ కలిపిన మోర్టారు, అంతకు మించితే ఒక పాలు సిమెంటుకి మూడు పాళ్ల ఇసుక, లేటెక్స్ కలిపి. పైన బద్ద పెట్టి తూము వైపుకి లాగాలి. సమంగా చేస్తే చాలదు, జారేలా చేయాలి.

డాబా మొత్తానికి కొత్త వాటం వేయాలంటే

మొదట రెండు ఎత్తులు సరిచూసుకోండి. మెట్లగది గడప కొత్త గచ్చు కన్నా కనీసం 15 సెంటీమీటర్లు పైన ఉండాలి. లేకపోతే నీళ్లు డాబా మీద నిలవడం మానేసి ఇంట్లోకి వస్తాయి. పిట్టగోడ ఎత్తు కూడా గచ్చు లేచినంత తగ్గుతుంది, పిల్లలు తిరిగే ఇల్లయితే ఇది చిన్న విషయం కాదు.

పాత రంగులు, లేచిన పూతలు, పాచి అంతా గీకేయాలి. వాటి మీద గచ్చు పట్టదు. తట్టి చూసి బోలుగా మోగిన చోటల్లా పగలగొట్టి తీయాలి. నెర్రెలు ముందు నింపాలి.

తర్వాత గోడల మీద మట్టం గీతల నుంచి కొలిచి, మీటరున్నరకి ఒకటి చొప్పున డాబా అంతా చిన్న సిమెంటు ముద్దలు పెట్టి, ఒక్కోదాని తల కావాల్సిన ఎత్తుకి సరిచేయాలి. పని అంతటికీ ఇదే ఆయువుపట్టు. ముద్దలు పెట్టిన రోజు మీరు ఊళ్లో ఉండండి. ఆరాక, గచ్చు వేయకముందే, దారం కట్టి మీరే ఇంకోసారి కొలవండి. తూముకి దగ్గరలో ఉన్న ప్రతి ముద్దా దాని వెనక ముద్ద కన్నా కిందే ఉండాలి. ఒక్కటి తప్పినా అక్కడొక మడుగు రాసిపెట్టి ఉన్నట్టే.

తూము దగ్గర మందం 2 సెంటీమీటర్లకి తగ్గకూడదు. 4 సెంటీమీటర్ల దాకా సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు సరిపోతుంది. అంతకన్నా మందమైన చోట సన్న రాతి చిప్స్ కలిపిన కాంక్రీటు వేయాలి, ఉత్తి ఇసుక సిమెంటు మందంగా వేస్తే ఆరేటప్పుడు ముడుచుకుని బీటలిస్తుంది. నీళ్లు ఎక్కువ పోసి జారుగా కలిపితే పని సులువుగా సాగుతుంది కాబట్టి కూలీలు అటే మొగ్గుతారు. జారు కలవ వాటం నిలబెట్టుకోదు, తనంతట తనే చదునవుతుంది. పిడికిలి బిగిస్తే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి కారకూడదు. మూడు మీటర్లకో గడి చొప్పున విడదీసి వేసి, గడుల మధ్య సందుల్ని తర్వాత సీలెంటుతో నింపాలి. గచ్చు పిట్టగోడని కలిసే చోట లంబకోణం వదలకుండా గుండ్రంగా, అరచేయి ఆనేటంత వంపు తిప్పించండి. మూలలో నీళ్లు, మట్టి పట్టకుండా ఉంటాయి, పై పూత కూడా మడత దగ్గర చిట్లదు.

వేసిన మర్నాటి నుంచి కనీసం 7 రోజులు తడి ఆరనివ్వకూడదు. తడి గోనెలు పరచడం మేలు, వాటం ఉన్న గచ్చు మీద నీళ్లు నిలవవు కదా, నిలిస్తే అప్పుడే తెలిసిపోతుంది.

పూత గురించి ఒక హెచ్చరిక

వాటర్‌ప్రూఫ్ రంగు వేసేస్తే నీళ్లు నిలిచినా ఫర్వాలేదనే మాట వినిపిస్తూ ఉంటుంది. నీళ్లలో కలుపుకునే ఆక్రిలిక్ పూతలు చాలావరకు పారే నీటికి పనికొస్తాయి. రోజుల తరబడి నీళ్ల కింద ఉంటే మెత్తబడి, బుడగలు లేచి, పొరలుగా ఊడతాయి. పాలీయురేథేన్ రకాలు ఇంతకన్నా బాగా తట్టుకుంటాయి గానీ, వాటికీ నిలవ నీరు వయసు తగ్గించేదే. ముందు వాటం, తర్వాత పూత. ఆ వరస తిరగబడితే పూత ఖర్చు మళ్లీ పెట్టాలి. గచ్చు బాగా ఆరాక వేయండి. గోడ మీదకి కూడా 15 సెంటీమీటర్లు ఎక్కించి వేయండి, తూము నోట్లోకి కూడా తిప్పండి.

నీళ్ల దారిలో సామాన్లు

నీళ్ల పైపు ఒకటి డాబాకి అడ్డంగా గచ్చు మీద పడుకుని ఉంటే, దాని వెనకాల ఆకులూ దుమ్మూ చేరి చిన్న ఆనకట్ట తయారవుతుంది. పైపుల్ని దిమ్మెల మీద 5 సెంటీమీటర్లు లేపండి. పూలకుండీలకి కాళ్లుండాలి. ట్యాంకు దిమ్మె వెడల్పాటి ముఖం నీళ్లొచ్చే వైపుకి ఉంటే, ఆ ముఖం ముందు రెండు వైపులకీ జారేలా ఇంటి కప్పు ఆకారంలో చిన్న గట్టు చేయించండి. పడవ ముక్కులా అది నీళ్లని చీల్చి పక్కలకి పంపుతుంది. సోలార్ పలకల స్టాండు దిమ్మెలు వేయించేటప్పుడు వాటి పొడవు వాటం వెంట ఉండాలి, అడ్డంగా ఉండకూడదు. ఏసీ నీళ్లు, ట్యాంకు పొర్లే నీళ్లు వానతో పని లేకుండా ఏడాది పొడవునా మడుగుని నింపుతాయి. వాటిని గొట్టంతో నేరుగా తూము దాకా తీసుకెళ్లండి.

స్లాబే వంగుతుంటే ఆగండి

మడుగు గోడలకి దూరంగా సరిగ్గా గది నడుమన ఉండి, ఏటికేడు పెద్దదవుతూ, కింద గదిలో సీలింగు మధ్యలో నెర్రెలు కనిపిస్తే, అది గచ్చు లోపం కాకపోవచ్చు. కింద గదిలో ఎదురెదురు గోడల దగ్గర సీలింగు నుంచి ఒకే దూరం కిందికి ఉండేలా దారం బిగలాగి, నడుమ ఆ దూరం ఎంత తగ్గిందో చూస్తే ఆ వంపు తెలుస్తుంది. స్లాబు వంగితే నీళ్లు చేరతాయి, చేరిన నీళ్ల బరువుకి ఇంకాస్త వంగుతుంది, అప్పుడు ఇంకాస్త చేరతాయి. ఇలాంటి గుంటని సిమెంటుతో పూడ్చడం అంటే మునిగే పడవలో రాళ్లు వేయడమే. నీళ్లు తోడేసి ఇంజనీరుని పిలవండి.

చెక్క దూలాల కప్పుల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అక్కడ సిమెంటుతో వాటం వేయాలన్న ఆలోచనే వద్దు. ఒక వైపు మందం, ఒక వైపు పలచన ఉండేలా కోసిన తేలికపాటి ఇన్సులేషన్ పలకలు పరిచి, వాటి మీద కొత్త పొర వేయడం ఆ కప్పులకి తగిన పద్ధతి. దూలాలు కుంగాయేమో ముందు చూసుకోవాలి.

మరమ్మతు కుదిరేదాకా

ఈ పనులన్నీ పొడి రోజుల్లో చేయాల్సినవి. వానల మధ్యలో ఇరుక్కుపోతే గొట్టం ఉపాయం ఉంది. తోట గొట్టం నిండా నీళ్లు నింపి, రెండు కొసలూ వేలితో మూసి, ఒక కొస మడుగులో ముంచి, రెండోది పిట్టగోడ మీదుగా కిందికి వదిలి రెండు వేళ్లూ తీసేయండి. బయటి కొస మడుగు కన్నా కింద ఉన్నంతసేపూ నీళ్లు వాటంతట అవే ఎక్కి దిగిపోతాయి. చివరి సెంటీమీటరు మాత్రం మిగులుతుంది, దాన్ని రబ్బరు వైపరుతో తోసేయాలి. నాలుగైదు రోజులకోసారి ఇలా ఖాళీ చేస్తే దోమ పిల్లకి రెక్కలొచ్చే వ్యవధి దొరకదు. ఆరాక ఆ అంచుల్ని గట్టి బ్రష్షుతో రుద్దండి, గుడ్లు అంటుకునేది అక్కడే. పాచి పోవడానికి యాసిడ్ పోయకండి, అది గచ్చునే తింటుంది.

వానలకి ముందు ఒకసారి, ఆకులు రాలే రోజుల తర్వాత ఒకసారి, పెద్ద గాలివాన వెలిసిన ప్రతిసారీ జాలీ తీసి తూములో చెయ్యి పెట్టి చూడండి. మరమ్మతు అయిన తర్వాత వచ్చే మొదటి వానకి సుద్దముక్కతో మళ్లీ పైకెక్కండి. మేస్త్రీకి ఇవ్వాల్సిన డబ్బులో ఆఖరి విడత ఆ వాన వెలిసి 48 గంటలు గడిచాకే ఇస్తానని పని మొదలుపెట్టక ముందే మాట తీసుకోండి.